ఆయన వాటా అడుగులు

మావారు పోయిన రోజు నుంచి మా ఇంటి కూరల పెట్టె తెరుచుకోవడం మానేసింది. ఇప్పుడు ఏ ఇంటి పెట్టె అయినా అంతే, ఇంట్లో ప్రతి ఒక్కరూ రోజుకు నాలుగు వేల అడుగులు నడిస్తేనే తాజా కూరలు ఇస్తుంది. పెట్టె లెక్కలోంచి ఆయన పేరు తీయిస్తే నా నడక ఒక్కటే చాలు. తీయించలేకపోయాను.

నెల తర్వాత పక్కింటి సువార్తమ్మ వచ్చి, అడుగులు లెక్కపెట్టే ఆయన బూట్లు తొడుక్కుంది.

"టీచరుగారూ, ఇవి బూట్లా, పడవలా?"

"గుడ్డలు కుక్కుకో. పద."

రైలుగేటు దాకా ఆమె బాతులా నడిచింది. నవ్వు ఆపుకోలేక నేను రెండుసార్లు నిలబడిపోయాను.

ఇంటికి రాగానే పెట్టె, "శభాష్ కోదండపాణిగారూ!" అంటూ తెరుచుకుంది.

"సారు ఇవాళ భలే నడిచారండీ!" అంది సువార్తమ్మ.

ఆ పూట ఇద్దరం తోటకూర పప్పు కడుపునిండా తిన్నాం.

పేరు తీయించే కాగితంపై నేనింకా సంతకం చేయలేదు.