కంచె చెట్ల వరసలో కేక

పశువుల ఆసాములారా, గడ్డిబీడుల చుట్టూ కంచెగా నాటిన ఆ చెట్లు నరికించింది మీరే! అసువెరో ద్వీపకల్పంలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని అరుపుకోతులు ఆ చెట్ల మీదుగానే కొండ నుంచి మడ అడవికి పోయేవి. ఇప్పుడక్కడ ఇనుప ముళ్లతీగ ఉంది. కోతులు లేవు.

నిన్న పొద్దుగూకాక మీ కూలి ఎలాదియో గడ్డిబీడులో నిలబడి, రోజూలాగే ఇంటివైపు సలోమా కేక పెట్టాడు. వస్తున్నానని అక్కడి మగవాళ్లు అలాగే చెబుతారు. భార్య తిరుగు కేక వేసేలోపే వెనకనుంచి కోతి బదులిచ్చింది.

తల పైకెత్తి చూశాడు. కొమ్మ లేదు, చుక్కలున్నాయి. అరుపు మాత్రం పాత కొమ్మల ఎత్తునే, నరికిన మోళ్ల మీదుగా, ఒక్కో మోడూ దాటుకుంటూ ఇంటివైపు కదులుతోంది. అతనికి భయం కూడా వేయలేదు. నెలరోజులుగా రంపం పట్టిన చేతుల్లాగే మనసూ తిమ్మిరెక్కింది. అరుపు కిందే నడిచాడు.

గుమ్మంలో భార్య ఫెర్మీనా నిలబడి ఉంది.

"ఏమయ్యా, ఎవర్ని వెంటేసుకొచ్చావ్?"

"నీకూ వినబడతాందా?"

"నేనేమన్నా చెవిటిదాన్నా? కుక్క మంచం కింద దూరింది చూడు. రేపు ఇంటి ముందు మిగిలిన ఈ నాలుగు చెట్లూ కొట్టేస్తావుగా మొగోడా, అప్పుడిది యాడ దిగుద్ది? మన చూరు మీదా?"

అరుపు ఆగింది. ఆ నాలుగింట్లో మొదటి చెట్టు కొమ్మ ఏదో బరువుకి వంగింది. దానిమీద ఏమీ లేదు.

ఆసాములారా, రంపాలు దించండి! పచ్చికొమ్మలు పాతితే వేళ్లేస్తాయని మీకు తెలుసు. ఆ వరసంతా ఇవాళే పాతించండి. వంగిన ఆ కొమ్మ ఇంకా పైకి లేవలేదు.