బోర్డు మీది రేటు

“మూడు రూపాయల కాయితానికి ఎనిమిది గుంజిండా!” చాయ్ వడబోస్తున్న సుశీలాబాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “నిన్ను నిలువునా ముంచిండు ఆగమ్మా!”

ఆగమ్మ కొంగుముడి తడుముకుంది.

మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో, కచేరీ ముందు చాయ్ కొట్టు అది. పక్క గదిలోనే నోటరీ వకీలు. నెల కింద గోదారి పొంగి ఆగమ్మ ఇంటిని గోడలతో సహా ఊడ్చుకుపోయింది. వకీలు ముందర ప్రమాణం చేసి కాయితం పెడితే సర్కారు వరద సాయం ఇస్తుందని, బావగారి కొడుకు సాంబన్న ఆమెను పొద్దుటి బస్సుకు తీసుకొచ్చాడు. బస్సు చార్జీలు అతనివే. స్టాంపు కాయితమూ అతనే కొన్నాడు. తాగి పారేసిన బీడీ ముక్కను కూడా మళ్ళీ వెతుక్కునే మనిషి! వరద మనుషుల మనసుల్ని కూడా కడుగుతుంది కాబోలని ఆగమ్మ మురిసిపోయింది.

“మూడేనని నీకెట్ల తెలుసు?” అంది సుశీలాబాయితో.

“బోర్డు కొట్టి ఉంది గదనే గోడకు! ఏ పనికి ఎంత తీసుకోవాల్నో సర్కారే రాసిచ్చింది. వరద కాయితమని వచ్చినోళ్ళంతా ఈడ చాయ్ తాగే పోతుండ్రు. అందరూ మూడే ఇచ్చిండ్రు.”

ఆగమ్మకు కడుపు మండిపోయింది. రెండు కోళ్ళు అమ్మిన పైసలవి. ఆ ఐదూ ఉంటే గుడిసె మీదికి తాటికమ్మలు వచ్చేవి.

అసలా వకీలు వాలకమే ఆమెకు నచ్చలేదు. చంద్రపూర్ నుంచి కొత్తగా వచ్చాడు. తెలుగు ముక్క రాదు. మరాఠీలో గడగడా చదివి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ ఏదో అడిగాడు. “నీ ఇష్టంతోనే ఏలుముద్ర ఏస్తున్నవా అంటుండు, హో అను చిన్నమ్మా” అని సాంబన్న చెవిలో చెప్పాడు. హో అంది. వేలు అద్దింది. ‘ఆఠ్ రుపయే’ అన్నాడు వకీలు. సంతలో మిరపకాయలమ్మే మనిషికి ఆ మాత్రం లెక్క తెలియదా? సాంబన్న చెయ్యి జేబులోంచి బయటికి వచ్చేలోపే కొంగుముడి విప్పి ఎనిమిదీ బల్ల మీద పెట్టేసింది.

“నేనిచ్చేటోణ్ణి గదా!” అని అతను ఎంత నొచ్చుకున్నాడో.

ఇప్పుడు అదే సాంబన్న పాన్ డబ్బా దగ్గర్నుంచి ఉరికొచ్చాడు. “లే చిన్నమ్మా, బస్సు పోతది. ఇగ సాయంత్రం దాకా ఇంకోటి లేదు.”

“ఆ వకీలు నన్ను దోచిండు కొడుకా. ఐదు రూపాయలు ఎక్కువ తీసుకున్నడు.”

సాంబన్న మొహంలో రంగు మారింది. “ఎవరు చెప్పిండ్రు?”

“సుశీలాబాయి.”

“పోనియ్యి. ఇగో, నేనిస్తా.” ఐదు నోటు తీసి ఆమె చేతిలో కుక్కాడు. ఆమె తీసుకోకపోతే పది తీశాడు.

ఆగమ్మ కళ్ళు చెమర్చాయి. కన్న కొడుకు ఉంటే ఇంత చేసేవాడా? “వాడు తిన్న పైసలకు నువ్వెందుకు దండుగ కడతవు బిడ్డా? నేను అడుగుత.”

“వద్దు! వకీళ్ళతోని లొల్లి పెట్టుకుంటే కాయితం చింపి పారేస్తడు. సాయమూ పోతది, ఏమీ మిగలదు నీకు.”

ఆ మాటకు ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. చింపేస్తే? అంతలోనే మొండితనం వచ్చింది. “ఎందుకు మిగలదు? ఒడ్డున నా మూడెకరాలు లేవా? మా ఆయన పోయిన కాడ్నించి నాకు బువ్వ పెడుతున్నది అదే. గోదారి ఒండ్రు మేటేసి పోయింది, ఈపాలి మిర్చి ఇరగ కాస్తది. నేనెవనికి భయపడాలె?”

బస్సు హారన్ మోగింది. సాంబన్న ఆమె రెక్క పట్టుకుని లాగాడు. చేతి గాజు ఒకటి చిట్లింది.

“అట్ల గుంజుతవేందయ్యా ముసల్దాన్ని?” సుశీలాబాయి స్టవ్వు ఆర్పి కొట్టు దిగింది. “పా ఆగమ్మా. నాకు మరాఠీ వచ్చు. వాని సంగతేందో నేను తేలుస్త.”

“నడుమ నీకెందుకమ్మా?” అని సాంబన్న దాదాపు అరిచాడు. అతని మొహమంతా చెమటలు. చిన్నమ్మకు వకీలుతో వైరం రావడం అతనికి ఇష్టం లేదు, పాపం. ఆగమ్మ అతని చెయ్యి విడిపించుకుని గదిలోకి నడిచింది.

సుశీలాబాయి గుమ్మంలోనే గొంతెత్తింది. వకీలు లేచి నిలబడ్డాడు. మొహం జేవురించింది. బల్ల మీద చరిచాడు. గోడ మీది బోర్డును వేలితో పొడిచి పొడిచి చూపించాడు. ఆగమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయిపోయింది, కాయితం చింపుతాడు అనుకుంది. గోడకు ఆనుకుని నిలబడింది.

వకీలు చింపలేదు. కూర్చున్నాడు. ఆగమ్మను వేలితో చూపిస్తూ మెల్లగా ఏదో అడిగాడు. సుశీలాబాయి గొంతు తగ్గింది. మరోసారి చెప్పించుకుంది. ఆగమ్మ వైపు తిరిగింది.

“ఏమంటుండు? ఇస్తడా, ఇయ్యడా నా ఐదు రూపాయలు?”

“పైసా ఎక్కువ తీసుకోలేదట ఆగమ్మా... వరద కాయితానికి మూడేనట, నువ్వు ఏలుముద్ర ఏసింది మాత్రం నీ మూడెకరాలు అమ్ముకునే హక్కు సాంబన్నకు ఇచ్చే ముక్త్యార్‌నామా మీదనట, దానికి బోర్డు మీద ఎనిమిది ఉంది.”