మూడో గ్లవ్

కోబాల్ట్ పరమాణువుకు ఇంతవరకూ ఎవరూ కట్టని లైగాండ్‌ను, అంటే లోహాన్ని పట్టుకుని ఉండే అణువును, కట్టి చేసిన సమ్మేళనం అది. గాలి తగిలిందంటే మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అందుకే రాత్రి పదకొండైనా, సీనియర్ అక్క కాఫీకి వెళ్లినా, పరిశోధకురాలు ఆర్గాన్ వాయువు నింపిన గాజు పెట్టెను వదల్లేదు. ఇద్దరు పక్కపక్కన నిలబడి పనిచేసేలా పెట్టెకు నాలుగు రబ్బరు గ్లవ్‌లున్నాయి. చేతులు పెట్టకపోతే లోపలి ఒత్తిడికి అవి బయటికి పొడుచుకొచ్చి, ఎవరినో అందుకోబోతున్నట్టు గదిలోకి చాచుకుని ఉంటాయి.

ఆమె రెండు చేతులకూ పనుంది. ఒకదానిలో గరాటు, ఇంకోదానిలో ద్రావణం. అంతలో కిందున్న ఫ్లాస్కు ఒరిగింది. ఎర్రటి స్ఫటికాలు అంచుదాకా జారాయి. చటుక్కున పక్క గ్లవ్ లోపలికొచ్చి ఫ్లాస్కును పట్టుకుంది.

"హమ్మయ్య! సమయానికొచ్చావక్కా," అంది, స్ఫటికాల మీంచి చూపు తిప్పకుండానే.

పెట్టె పంపు గురగురలాడుతోంది.

"ఎవరితోనే మాటలు?" వెనక తలుపు దగ్గర్నుంచి సీనియర్ గొంతు వినబడింది. "కాఫీ తెచ్చా, చల్లారిపోతోంది."

ఆమె మెల్లగా పక్కకు చూసింది. ఎవరూ లేరు. లోపల గ్లవ్ మాత్రం మోచేతిదాకా నిండుగా ఉంది. అది పని తెలిసినవాళ్లలా ఫ్లాస్కును స్టాండులో నిలబెట్టింది. రబ్బరు మీద రబ్బరు కిర్రుమంది. ఆమె చిటికెన వేలు దాని పిడికిట్లో ఉంది.

"ఏమైందే? చేతులు తీసి ఇటు రా."

"రానివ్వట్లేదక్కా," అంది ఆమె, పెదవులు కదపకుండా.