శనివారపు సేవ

బస్సు డ్రైవరూ, అతని భార్య టైలరమ్మా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. ఏదన్నా చెప్పాల్సి వస్తే పిల్లితో చెప్పేవాళ్ళు.

“పిల్లీ, ఆ ఫ్యాను ఆపెయ్యమను ఆయన్ని.”

“తనకూ చేతులున్నాయిగా, తననే ఆపుకోమను.”

విసిగిపోయి పిల్లి పక్కింటికి మకాం మార్చేసింది. ఇక విడిపోవడమే మేలనుకుని ఇద్దరూ పాస్టరు గారి దగ్గరికి వెళ్ళారు.

ఆయన ఓపిగ్గా విన్నాడు. “సరేనమ్మా. దానికి ముందు ఓ చిన్న సేవ చేసిపెట్టండి. మన సంఘంలో ఓ పెద్దాయన ఒంటరిగా ఉంటున్నాడు. శనివారాలు వెళ్ళి కాస్త వండిపెట్టి, ఇల్లు సర్దండి. ఇద్దరూ కలిసే వెళ్ళాలి సుమా!”

దేవుడి పని. కాదనలేకపోయారు.

పెద్దాయన నోటికి అడ్డూ ఆపూ లేదు. “ఇది సూపా, గిన్నె కడిగిన నీళ్ళా?” అన్నాడు. డ్రైవరు తుడిచిన నేలమీద వేలితో గీసి మరీ చూపించాడు. దుప్పట్లు ఉతికించి, చెరో కొస పట్టుకుని పిండమన్నాడు. పిండాక, “ఉతక్కముందే నయం” అన్నాడు.

ఓ శనివారం ఆయన కూరకు వంక పెట్టగానే టైలరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డ్రైవరుకు ఒళ్ళు మండింది.

“మా ఆవిడ వంటనంటారా! అది తినడానికి రాసిపెట్టి ఉండాలండీ!”

టైలరమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె విననే లేదు.

ఆ రోజునుంచి ఇంటికెళ్ళే దారి పొడుగునా ఇద్దరూ పెద్దాయన్ని తిట్టుకునేవాళ్ళు. తిట్టుకోవాలంటే మాట్లాడుకోవాలి కదా! ఇంటికెళ్ళాక పక్కపక్కనే మోకరించి, “ప్రభువా, ఆ తాతకు మంచి నోరివ్వు, మాకు ఓపికివ్వు” అని ప్రార్థించేవాళ్ళు.

మరో శనివారం వంటగదిలో డ్రైవరు పెద్దాయనలా మూతి ముడిచి సూపు రుచి చూశాడు. టైలరమ్మ నవ్వాపుకోలేక ఉల్లిపాయల బుట్ట తన్నేసింది. ఇద్దరూ నేలమీద పాకుతూ ఏరుతూనే ఉన్నారు, నవ్వుతూనే ఉన్నారు.

“ఏమిటా ఇకిలింపులు?” ముందుగదిలోంచి పెద్దాయన కేక.

బయల్దేరుతూ టైలరమ్మ అంది, “తాతగారూ, మీరెంత తిట్టినా మేం రావడం మానం.”

“నా నాలుక ఏం పాపం చేసుకుందో!”

డ్రైవరు ఆమె చేతిసంచీ అందుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, పెద్దాయన పాస్టరు గారికి ఫోను చేశాడు.

“వందనాలు అయ్యగారూ, వీళ్ళ కాపురం చక్కబడింది, ఇక తర్వాతి జంటను పంపించండి.”