ప్రమాదాలు: సున్నా

“తాతగారూ, ఆ టార్చి కాస్త ఆపండి. మీటరు తప్పు చూపిస్తోంది.”

మలుపులో ఇనప కుర్చీ వేసుక్కూర్చున్న పెద్దాయన టార్చి ఆపాడు.

ఇంజనీరమ్మ చేతిలో ఉన్నది వెలుతురు కొలిచే మీటరు. కాలనీకి కొత్త ఫుట్‌పాత్‌లు, వీధిదీపాలు మంజూరయ్యాయి. ఏ దీపం ఎక్కడో తేల్చడం ఆమె పని. పొద్దుగూకాకే కొలవాలి. వారం రోజులుగా ఇల్లు చేరేసరికి ఆలస్యమవుతోంది. అందుకే చిరాగ్గా ఉంది.

అంకె దాదాపు సున్నాకి దిగింది. రాసుకోబోయింది.

అంతలో సైకిలు బెల్లు వినబడింది. పెద్దాయన టార్చి మళ్లీ వెలిగించి రోడ్డు అంచు మీద వేశాడు. అక్కడ రోడ్డు ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది. తిరగకుండా తిన్నగా పోతే మురుక్కాలువ. దానికి పిట్టగోడ కూడా లేదు.

సైకిలు వంపు తిరిగి వెళ్లిపోయింది.

“ఆపమన్నాను కదండీ.”

“ఇదిగో, ఆపేశానమ్మా. కొలుచుకోండి.”

పొద్దుపోని మనిషి అనుకుంది. కాలనీకొకరుంటారు అలాంటివాళ్లు, సర్వే చేసేవాళ్లు కనబడితే చాలు, జిడ్డులా పట్టుకుంటారు.

“ఇక్కడ దీపం వస్తుందామ్మా?” అనడిగాడు.

“చీకటైతే ఉందండి. ప్రమాదాలు లేవుగా.” ఫారం తిప్పి చూసింది. “పదేళ్లలో ఒక్కటీ లేదు. సున్నా.”

“పదకొండేళ్ల కిందట ఒకటి జరిగింది.”

“పదేళ్ల లోపువే లెక్కండి.”

పెద్దాయన కాలువ వైపు చూశాడు.

“అయితే ఎవరో ఒకరు పడాలన్నమాట.”

“రూలు నేను పెట్టలేదండి. ఉన్నవి నలభై దీపాలు, అడిగేవాళ్లు నాలుగొందల మంది. ఎవరికి వాళ్లకి తమ గుమ్మం ముందే కావాలి. ఇంతకీ మీ ఇల్లేది?”

“ఇక్కడ కాదమ్మా. రైలు గేటుకి అవతల.”

“మరి ఇక్కడి దీపంతో మీకేం పని?”

స్కూటరేదో వస్తోంది. ఆయన టార్చి వెలిగించాడు.

ఆమె ‘ప్రమాదాలు’ అన్న గడిలో సున్నా చుట్టింది. ‘ఇప్పుడున్న దీపం’ అన్న గడిలో ‘లేదు’ అని రాసి, తర్వాతి వీధికి నడిచింది.

ఫుట్‌పాత్ పని మొదలైంది. గీత గీస్తే ఒకరి మెట్లు అడ్డం, ఒకరి కారు లోపలికెక్కే వాలు అడ్డం, ఇంకొకరి పూలతోట అడ్డం. దేని మీద చెయ్యి వేసినా ఎక్కడినుంచో ఫోనొచ్చేది. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

“మేడం, మలుపులో ఒక కుర్చీ ఉంది. ఎవరిదో తెలీదు,” అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టరు.

“తీయించెయ్యండి.”

అడ్డాలన్నిట్లోకీ ఒక్క మాటతో లేచింది ఆ కుర్చీ ఒక్కటే.

మర్నాడు పెద్దాయన ఆఫీసుకొచ్చాడు.

“నిలబడలేనమ్మా. కుర్చీ ఇప్పిస్తే ఇంకాస్త పక్కకి వేసుకుంటాను.”

“ఫుట్‌పాత్ నడవడానికండీ, కూర్చోడానికి కాదు.”

“అదీ నిజమేనమ్మా,” అని తలూపి వెళ్లిపోయాడు.

మూడు నెలలు తిరక్కుండానే ఆ మలుపు మళ్లీ ఆమె బల్ల మీదికొచ్చింది. ముగ్గురు కాలువలో పడ్డారు. ఒకరు లేవలేదు.

ఇప్పుడు జాబితాలో ఆ మలుపే మొదటిది. దీపం వెంటనే మంజూరైంది.

స్తంభానికి చోటు గుర్తు పెట్టడానికి సుద్దముక్క పట్టుకుని వెళ్లింది. మూలింటి టైలరమ్మ మిషను ఆపి బయటికొచ్చింది.

“ఆ పెద్దాయన రావట్లేదా?” అనడిగింది ఇంజనీరమ్మ.

“కుర్చీ పోయాక వారం రోజులు నిలబడే టార్చి వేశాడండీ. మోకాళ్లు వణికేవి. మా ఇంట్లో స్టూలు ఇస్తానంటే, అదీ అడ్డమంటారేమో అన్నాడు. ఒకరోజు ఇక్కడే కూలబడ్డాడు. ఆసుపత్రికి పంపించాం. తిరిగి రాలేదు.”

“రోజూ వచ్చేవారా?”

“వానొస్తే గొడుగేసుకుని కూర్చునేవాడు. చీకటి పడ్డప్పట్నించి ఆఖరి బస్సు దిగినవాళ్లు ఇళ్లకి పోయేదాకా. ఆయనున్నన్నాళ్లూ ఆ కాలువలో పిల్లి కూడా పడలేదు. టార్చి నా దగ్గరే ఉండిపోయింది. ఎవరికివ్వాలో తెలీదు.”

ఇంజనీరమ్మ సుద్దతో గుర్తు పెట్టింది. అది కుర్చీ ఉన్న చోటే. ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించాలని మాత్రం తెలుస్తోంది.

ఆఫీసుకొచ్చి పాత రిజిస్టరు తీయించింది. పదకొండేళ్ల కిందటి పేజీలో ఒకే ఒక్క వరస ఉంది.

‘కూరల సంచితో నడిచి వస్తూ చీకట్లో కాలువలో పడి స్త్రీ మృతి. ఫిర్యాదు ఇచ్చినవారు: భర్త. చిరునామా: రైలు గేటు అవతల. కోరినది: ఒక దీపం.’

దాని తర్వాత ఏడాదికొకటి చొప్పున అన్నీ సున్నాలే. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూసింది. పదీ ఉన్నాయి.

ఏడుపొస్తుందేమో అని కాసేపు ఆగింది. రాలేదు. పక్క బల్ల దగ్గర ఎవరో టీ తాగుతున్నారు.

మంజూరు కాగితాల్లో కింద తన పాత ఫారం ఉంది. ‘ఇప్పుడున్న దీపం’ అన్న గడిలో తన దస్తూరీతోనే ‘లేదు’ అని ఉంది.

ఆమె ఆ మాట కొట్టేసి, పక్కన రాసింది: ‘ఉండేది. ఫుట్‌పాత్‌కి అడ్డమని నేనే తీయించాను.’