ఎర్రసిరా వీడ్కోలు పత్రం

“ఆయన గురించి ఒక్క మంచి ముక్క చెప్పండి సార్, చాలు,” అంది టైపిస్టు.

క్యాషియర్ అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఆలోచించాడు. “ఇవాళ్టితో పోతున్నాడు. అంతకన్నా మంచి ముక్క ఏముందమ్మా?”

గది ఘొల్లుమంది. ఆ నీళ్ల బిల్లుల ఆఫీసులో హెడ్ క్లర్కుకి ‘ఎర్రసిరా’ అని పేరు. ఎవరు రాసిన ఉత్తరమైనా నాలుగు చోట్ల దిద్దందే బయటికి పంపడు. సాయంత్రం నాలుగింటికి ఆయన రిటైరవుతున్నాడు. వీడ్కోలు పత్రం తయారుచేసి చదవాల్సింది టైపిస్టు. పెద్దాఫీసు వాళ్ళు వస్తున్నారు, పరువు తీయొద్దని ఆఫీసరు రెండుసార్లు హెచ్చరించాడు. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. వచ్చే నెల దాన్ని పొడిగించాల్సింది ఆ ఆఫీసరే.

మూడున్నరయింది. దిక్కుతోచక, అందరూ వాడుకునే కంప్యూటర్ ముందు కూర్చుని అందులోని ఏఐని ఓ వీడ్కోలు పత్రం రాసిపెట్టమంది. అది వెంటనే రాయలేదు. ఆ మనిషి పేరేమిటి, ఇంట్లో ఎవరున్నారు, ఏమంటే ఇష్టం, ఆఫీసులో స్నేహితులెవరు అని ఆరా తీసింది.

టైపిస్టు వెనక్కి తిరిగి అవే అడిగింది. భార్య పోయిందని ఒకరు, అసలు పెళ్ళే కాలేదని ఒకరు అన్నారు. ఆయనకి ఇష్టమైనవి మన తప్పులేనని ఇంకొకరు తేల్చారు.

“స్నేహితులా? ఆయన పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్ళే లేరు. ఆ మొహాన్ని అద్దం కూడా పలకరించదు,” అన్నాడు క్యాషియర్. “దానికేం తెలుసమ్మా మనుషుల సంగతి? నాలుగు అబద్ధాలు రాయమను.”

అప్పుడే హెడ్ క్లర్కు లోపలికొచ్చాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన బీరువా తాళాలు ఆఫీసరు బల్లమీద పెట్టి, టైపిస్టు దగ్గర ఆగాడు.

“అచ్చుతప్పులు చూసుకో. రేపట్నుంచి దిద్దడానికి నేనుండను.”

ఆమె కళ్ళలో ఎండ పడుతోందని కిటికీ పరదా లాగి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

“చూశావా, పోతూ పోతూ ఎండను కూడా దిద్దాడు,” అన్నాడు క్యాషియర్. మళ్ళీ నవ్వులు. ఈసారి టైపిస్టు కూడా నవ్వింది.

నవ్వుతూనే ఆయన పేరూ హోదా కొట్టి, మిగతావి తెలియవు, ఏదో ఒకటి రాయమంది. తెరమీద అక్షరాలు వచ్చాయి.

“ఈయన వీడ్కోలు పత్రం సోమవారమే తయారైంది. ఆయనే కూర్చుని రాయించుకున్నారు. మీరంతా రోజూ ఆయనతో కలిసి భోంచేసేవారని అందులో ఉంది. ఆ వాక్యం ఉంచమంటారా, తీసేయమంటారా?”