మేక మేసిన పటం

"మేక తిన్నదంటే ఎవలు నమ్ముతరు సార్?" ఫోన్లో రేణుక గొంతు విసుగ్గా ఉంది. కరుణాకర్ రావు రాసిన పుస్తకాన్ని సరిదిద్ది అచ్చు వేయిస్తున్నది ఆమే. "జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల రైలు చరిత్ర అని పేరు పెట్టి, నడిమిట్ల గీ మేకేంది?"

"మేకనే అసలు ముచ్చటమ్మా," అన్నాడు కరుణాకర్ రావు. ఆటో గుంతలో పడి లేచింది. ఫోను చెవికి మరింత అదిమి పట్టుకున్నాడు.

"రేపు పొద్దుగాల అచ్చుకు పంపుతున్న. మేక గలోళ్ల సాక్ష్యం లేకుంటే గా అధ్యాయం తీసేస్త."

"అది తీసేస్తే పుస్తకమే వద్దు."

"పదేండ్ల కష్టం సార్!"

"గా పదేండ్లు దానికే వొయినయి," అని ఫోను పెట్టేశాడు.

జగిత్యాలలో ఆయన ఇంట్లో మంచాల కింద కూడా రైలే ఉంది. కోరుట్లకు మొదటి బండి వచ్చిన నాటి టికెట్టు, ఎవరో గార్డు ఇచ్చిన చిరిగిన పచ్చజెండా, సిరిసిల్ల వైపు పట్టాలకు భూములు తీసుకున్న నోటీసులు. అన్నిటికీ చీటీలు అంటించి ట్రంకు పెట్టెల్లో సర్దాడు. భార్య రమాదేవి పప్పుల డబ్బాలు ఎప్పుడో వరండాలోకి చేరాయి. అయినా ఆయన ప్రాణమంతా కాగితం దొరకని ఒక్క కథ మీదనే ఉంది.

పదేళ్ల కిందట చందుర్తి బస్సులో పక్క సీటు మనిషి చెప్పాడు. నిజాం కాలంలో ఒక తెల్లదొర సిరిసిల్ల వైపు రైలు దారి కొలవడానికి వచ్చాడట. వీర్నపల్లి దగ్గర కునుకు తీస్తే, ఒక చెవి తెల్లగా ఉన్న మేక వచ్చి, అంబలి ఒలికిన పటమంతా నమిలేసిందట. దొర ఏడ్చుకుంటూ వెళ్లిపోయాడట. రైలు అందుకే రాలేదట.

ఆ రోజు నుంచి కరుణాకర్ రావుకు నిద్ర లేదు. గంభీరావుపేటలో ఒకరు, చందుర్తిలో మరో ఇద్దరు అదే కథ పొల్లు పోకుండా చెప్పారు. హైదరాబాదులో పాత కాగితాల ఆఫీసు చుట్టూ ఏడుసార్లు తిరిగాడు. "అటు దిక్కు అప్పట్ల సర్వేనే కాలేదు పెద్దమనిషీ," అన్నాడు గుమాస్తా. కట్ట విప్పడానికి బద్ధకం అనుకుని, అతనితో పోట్లాడి వచ్చాడు.

"ఎప్పుడో సచ్చిన మేకకు ఇప్పుడు పంచనామా ఏంది సార్?" ఆటో నడిపే పాషా వెనక్కి తిరిగి అడిగాడు.

"ముందల సూసి నడుపు పాషా."

"సూసేతందుకు ఏమున్నది? వీర్నపల్లి అచ్చె. గీ ఊరు ఎరుకేనా మీకు?"

"పంతులుగ నా మొదటి కొలువు గీ ఊరి బడిలనే. ఒక్క ఏడాదే చేసిన. మధ్యాన్నం గంట గొట్టంగనే పిల్లలు మేకలెంబడి ఉరికేటోళ్లు. పట్టుకచ్చి కూసోబెట్టుటానికే నానా తిప్పలు."

"ఎవలన్న గుర్తు వడ్తరా?"

"నలభై ఏండ్లాయె. ఇప్పుడు నాకు మా ఇంటి నంబరే గుర్తుంటలేదు."

మైసయ్య వాకిట్లో గొంగడి మీద కూర్చుని ఉన్నాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. పటం తిన్న మేక వీళ్ల ఇంటిదేనని చందుర్తి వాళ్లే చెప్పి పంపారు.

"లతా, సార్‌కు చాయ్ తే బిడ్డా."

యాభై దాటిన కూతురు చాయ్ తెచ్చి ఇచ్చి, గడపలోనే నిలబడిపోయింది. కరుణాకర్ రావు వేళ్ల మధ్య పెన్ను సుద్దముక్కలా తిరుగుతోంది. ఆమె దాన్నే చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈమెకు కూడా నవ్వేనా అనుకున్నాడు. చిరాకేసింది.

"మైసయ్యా, గా మేక ముచ్చట జెర చెప్పరాదే."

"చెప్పకేంది? గది మా నాయిన మేకనే!" మైసయ్య నడుము నిటారుగా అయింది. "నల్ల మేక. ఒక్క చెవు తెల్లగుండె. దొర మూడు కాళ్ల దుర్భిణి నిలవెట్టి నిద్రవోయిండు. పటం మీద అంబలి ఒలికింది. గా వాసనకు అచ్చి కరకర నమిలింది. దొర లేసి సూసేవరకు గంభీరావుపేట కడుపుల వడ్డది, సిరిసిల్ల నోట్లె ఉన్నది!"

పాషా పగలబడి నవ్వాడు. కరుణాకర్ రావుకు మాత్రం కళ్లు చెమర్చాయి. తెల్ల చెవి! అంబలి! బస్సులో విన్నవన్నీ ఉన్నాయి. వెంటనే రేణుకకు ఫోన్ కలిపాడు.

"దొరికిండమ్మా! మేక గలోళ్ల ఇంట్లనే ఉన్న."

అవతల రేణుక కాగితాలు తిప్పిన చప్పుడైంది. "సరే సార్. ఆయనకు ఎవలు చెప్పిండ్రో గది గూడ అడిగి రాసుకోండ్రి. వాళ్ల నాయిన నోటెంబడి విన్నదైతే చాలు, అధ్యాయం ఉంచుత."

"మీ నాయిననే చెప్పిండు గద మైసయ్యా?"

"నాయినేడ సారూ? నేను పాకుతున్నప్పుడే పాయె. నాకు మా లత చెప్పింది. ఆరో తరగతిల ఉండంగ బడి నుంచి ఉరుక్కుంట అచ్చి చెప్పింది. ఇగ ఆగుతనా? చందుర్తి, గంభీరావుపేట, గొర్లు తోలుకపోయిన కాడల్ల చెప్పుకుంట తిరిగిన."

పెన్ను తిరగడం ఆగిపోయింది.

"లతా... మరి నీకెవలు చెప్పిండ్రమ్మా?"

ఆమె కొంగు తీసేసి, ఈసారి దాచుకోకుండా నవ్వింది.

"నేను ఏడుస్తుంటె నవ్విచ్చుటానికి మీరే చెప్పిండ్రు గద సార్!"